మంచాటలో కొసరు

మొదటి తోడేలును చంపినప్పుడు గురమ్మ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. రెండోదాన్ని చంపినప్పుడు ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత దారిదోపిడీగాళ్ళు వచ్చారు చూడండి, అప్పుడు మాత్రం కొంగు నడుముకి బిగించి, ఫోను అద్దం అరిగిపోయేలా బొటనవేలితో పొడిచి పొడిచి, గొడ్డలితో ఒక్కొక్కడి మెడా నరికింది. మంచు మీద నెత్తురు చిమ్మిన ప్రతిసారీ "సావు! సావెహె!" అని అరిచింది. పక్క క్వార్టరావిడ మొగుడూ పెళ్ళాల గొడవేమోనని గోడకి చెవి ఆనించింది గాని, ఆ వేళప్పుడు మొగుడు దేవరాజు రైలు పట్టాల మీద డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది గురమ్మా, కూతురు స్వర్ణా, ఫోనూ.

ఫోను ఇచ్చింది స్వర్ణే. అడవుల అంచున ఉన్న గనుల ఊరు కిరండూల్ బజారులో ఒక మొబైల్ దుకాణంలో పనిచేస్తుంది ఆ పిల్ల. విరిగిన కాలితో మంచం మీద పడుకుని గోడలకేసి చూస్తున్న తల్లికి కాలక్షేపంగా ఉంటుందని ఒక ఆట పెట్టిచ్చింది. ఆటకి ఏదో ఇంగ్లీషు పేరుంది. గురమ్మ దాన్ని మంచాట అంది, ఇంట్లో అదే ఖాయమైపోయింది. లోకమంతా మంచు కప్పేసి ఉంటుంది. మనకో గుడారాల గుంపు, అందులో కొందరు మనుషులు. వాళ్ళకి తిండి పెట్టాలి, చలి మంట వెయ్యాలి, మీదపడేవాళ్ళని చంపాలి. అందులో చచ్చినవాడు మళ్ళీ లేవడు.

అసలు గురమ్మ మంచాన పడే మనిషి కాదు. ఎండుచేపల గురమ్మ అంటే ఆ లైన్లో తెలియనివాళ్ళు లేరు. భీమిలి వైపు నుంచి రైల్లో వచ్చే నెత్తళ్ళూ ఎండురొయ్యలూ గంపకెత్తుకుని అడవిలో సంతలన్నీ తిరిగేది. హిందీ, హల్బీ, గోండీ మూడూ కలిపి ఒక భాష చేసుకుని, దాంతోనే బేరాలాడి, తిట్టి, నవ్వించి, గంప ఖాళీ చేసుకుని ఇంటికొచ్చేది.

ఎండలు ముదిరిన రోజుల్లో, వాగు అవతలి సంతకి నడిచిపోతుంటే, మోటారు సైకిలు అడ్డం పెట్టి ఇద్దరు ఆపారు. మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. "ఛోడ్ దే, బుఢియా" అన్నాడు ఒకడు. వదిలెయ్యవే ముసలీ అని. గురమ్మ గంప వదల్లేదు. వదలడం అనేది ఆవిడ ఒంట్లోనే లేదు. వాడు ఇనప రాడ్డు ఎత్తి మోకాలి కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. కిందపడి కూడా గంప అంచు పట్టుకునే ఉంది. వాడు వేళ్ళ మీద ఇంకోటి వేశాడు. గంప బోర్లా పడి నెత్తళ్ళూ, ఎర్రదారం కుట్టున్న ఆవిడ సంచీ దారంతా చెదిరాయి. సంతకి పోయే జనం దూరంగా నిలబడి చూశారు తప్ప ఒక్కడూ అడుగు ముందుకి వెయ్యలేదు. ఆ సంతలో చింతపండు అమ్మే కోసి అనే ఆవిడ ఒక్కతే పరుగున వచ్చి, తన కట్టుబట్ట అంచు చింపి కాలికి కట్టి, దారినపోయే ట్రాక్టరు ఆపి ఎక్కించింది.

ఆసుపత్రి మంచం మీద నుంచే గురమ్మ కబురు పంపింది. తనతో చేపలమ్మే రత్నమాలని పిలిపించుకుని, "ఆ సంతకి మనోళ్ళెవరూ ఎల్లకూడదు. ఉప్పుసేప నేక నాలుకలు సప్పబడి సావనీ ఎదవల్ని" అంది. రత్నమాల రైల్లో చెప్పింది. రైల్లో విన్నవాళ్ళు ఉప్పువాళ్ళకి చెప్పారు, గిన్నెలవాళ్ళకి చెప్పారు. ఆ దారిలో మనుషుల్ని చంపేస్తున్నారట అనే దాకా పోయింది మాట. సంత ఎండిపోయింది. విని గురమ్మ సంతోషించింది, అబద్ధం ఎందుకు.

కట్టు విప్పారు. కాలు నేలకి ఆనుతోంది. కాని గుమ్మం దాటి రోడ్డెక్కుదామంటే మోటారు సైకిలు చప్పుడుకే చెమటలు పట్టేవి. ఆవిడకి కావలసింది ఒక్కటే. వాడు చేతికి దొరకాలి, వాణ్ణి చంపాలి, అప్పుడు గాని తన కాళ్ళు తన మాట వినవు. అదెలాగూ కుదరదు గనక మంచాటలో దొరికినవాణ్ణల్లా నరుకుతోంది.

ఒకరోజు మధ్యాహ్నం మంచులోంచి గంటల చప్పుడు వినపడింది.

"ఏటే అది?" అని గొడ్డలి ఎత్తింది గురమ్మ.

"అమ్మా, ఆగు! దుష్మన్ కాదు, వర్తకుడు" అంది స్వర్ణ. "దేశమంతా తిరుగుతుంటాడు. మన దగ్గర తోళ్ళున్నాయిగా, అవిచ్చి మందులూ ఉప్పూ తీసుకోవాలి. వీళ్ళతో మంచిగా ఉంటే మిగతా వర్తకులు కూడా వస్తారు. వీళ్ళే రాకపోతే చలికాలం గడవదు."

గాడిద బండి, దాని మీద కొండంత సామాను, మఫ్లరు చుట్టుకున్న ముసలాడు, చుట్టూ తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ళు. ముసలాడు హిందీలో మాట్లాడతాడు. గురమ్మ మొహం విచ్చుకుంది. ఎన్ని నెలలైందో బేరమాడి! ముసలాడు ఒక తోలుకి చిటికెడు ఉప్పంటే, ఆవిడ ఫోన్లోకి చూసి "నీ మొకం, ఎల్లెల్లు" అని పొమ్మనే గుర్తు నొక్కేది. ముసలాడు పోబోయి ఆగి ఇంకాస్త పెంచేవాడు. అలా పోనిచ్చీ ఆపీ, ఆపీ పోనిచ్చీ, ఉప్పు మూటా గాయాల మందూ కట్టుగుడ్డా లాగింది. స్వర్ణ కళ్ళప్పగించి చూసింది. తల్లి మొహం ఇలా వెలగడం చూసి చాలా రోజులైంది. సంబరంగా టీ పెట్టడానికి వంటగదిలోకి పోయింది.

బేరం ముగిసింది. ముసలాడు సెలవన్నాడు. గురమ్మ ఇంకా చూస్తోంది.

"ఈడు కొసరెయ్యలేదే" అంది.

ఎవరైనా సరే, కొలిచాక చేతిలో ఇంకో గుప్పెడు పడాలి. అది పడితేనే బేరం అయినట్టు. గురమ్మ జన్మలో కొసరు వెయ్యకుండా నెత్తళ్ళు అమ్మలేదు, కొసరు తీసుకోకుండా చింతపండు కొనలేదు. వెయ్యడం మరిచిపోతే కొనేవాళ్ళే చెయ్యి చాపి గంపలోంచి తీసుకుంటారు. అందులో తప్పేముంది, నవ్వుతూ తీసుకుంటారు, నవ్వుతూ ఇస్తారు. బండి అంచున చిన్న మందుసీసా ఒకటి ఉంది. గురమ్మ దాని మీద వేలు పెట్టింది. ఫోను మీద ఎర్రగా ఏవో అక్షరాలు వెలిగాయి. చదవడం రాదు. మళ్ళీ నొక్కింది. సీసా సంచిలోకి వచ్చింది.

"చోర్!" అని అరిచాడు ముసలాడు.

తుపాకులు పేలాయి. గుడారం ముందు మంట ఎగదోస్తున్నవాడు ఆ మంటలోనే పడ్డాడు. కట్టెలు కొట్టేవాడి కడుపులోంచి గుండు దూసుకుపోయి, వాడు పేగులు పట్టుకుని మంచులో దేకాడు. వంటమనిషి భుజం చీలిపోయింది. ఆ వంటమనిషికి కోసి అని గురమ్మే పేరు పెట్టుకుంది. స్వర్ణ పరుగెత్తుకొచ్చేసరికి గురమ్మ ఒకడి మొహం మీద గొడ్డలి దింపి లాగుతోంది. ఇంకొకడు కత్తితో మీదకొస్తే వాడి మోచెయ్యి తెగి బండి కింద పడింది. మరొకణ్ణి గాడిద కాళ్ళ మధ్యకి తోసి, తల చితికేదాకా కొట్టింది. ఒకడు మాత్రం అందకుండా చెట్లలోకి పారిపోయాడు.

"ఏం చేశావమ్మా?"

"కొసరు తీసుకున్నాను! ఆ మాత్రానికే సంపేత్తారేటి?"

"పాగల్ అయిపోయావా? ఇందులో కొసరు లేదు. అది చోరీ కింద లెక్క!"

ముసలాడు మిగిలాడు. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ ఎత్తి, సామానంతా తీసుకో, నన్ను వదిలెయ్ అంటున్నాడు.

"వదిలెయ్యమ్మా. వాణ్ణి పోనిస్తే మన పేరు కాస్తైనా మిగులుతుంది."

ముసలాడి మొహానికి మఫ్లరు ఉంది. కళ్ళొక్కటే కనపడుతున్నాయి. గురమ్మ ఆ కళ్ళు చూసింది. తర్వాత గొడ్డలి ఎత్తి మెడ మీద వేసింది. ఒక్క దెబ్బకి తెగలేదు. మళ్ళీ వేసింది. తడికట్టెని నరికినట్టు చప్పుడైంది. అయిపోయాక కూడా నొక్కుతూనే ఉంది. స్వర్ణ ఫోను లాక్కోబోతే చెయ్యి విదిలించింది. చాలాసేపటికి ఆయాసపడుతూ వెనక్కి వాలి, "ఇప్పుడు పేనం సుకంగా ఉందే" అంది. స్వర్ణకి తల్లిని చూస్తే భయం వేసింది.

బండి సామానంతా తమదే. ఉప్పు, మందులు, గోధుమపిండి, తూటాలు. కొన్నాళ్ళు గుంపంతా పండగ చేసుకుంది. గురమ్మ గొప్పలు పోయింది. దెబ్బ కొడితే వచ్చేదాన్ని బేరమాడి తెచ్చుకోవడం ఎంత వెర్రితనమో అని కూతురికి పాఠం కూడా చెప్పింది.

తర్వాత గంటలు వినపడలేదు. గుట్టెక్కి చూస్తే దూరంగా బండ్లు కనపడేవి. గుంపు దగ్గరికొచ్చే దారి చూడగానే పక్కకి తిరిగిపోయేవి. గురమ్మ తోళ్ళన్నీ దారి మీద పరిచింది, మంట వేసి పిలిచింది. ఎవరూ రాలేదు. ఉప్పు అయిపోయింది, వేటాడిన మాంసం కుళ్ళింది. కట్టుగుడ్డల్లేక గాయాలు నల్లబడ్డాయి. ఉడకేసిన తోలుముక్క కోసం ఇద్దరు కొట్టుకుని, ఒకడు రెండోవాడి గొంతులో కత్తి దించాడు. గుండు తగలని మనుషులు కూడా ఒకరి తర్వాత ఒకరు మంచులో ఒరిగిపోయారు.

"ఎందుకు రారే ఈళ్ళు?"

"పారిపోయినవాడు పోయి అందరికీ చెప్పాడమ్మా. మనం వర్తకుల్ని చంపేవాళ్ళమని పేరొచ్చేసింది."

"నాను కొసరే కదా తీసుకున్నాను! అసలేటయిందో ఎవుడూ అడగడేటి?"

స్వర్ణ చెయ్యి కడుక్కుంటూ, "దెబ్బ తిన్నవాడి మాటే అందరూ నమ్ముతారు. ఆ సంతకి వెళ్ళొద్దని నువ్వు చెప్పినప్పుడు మాత్రం ఎవరైనా అడిగారా?" అంది. ఏదో మాటవరసకి అనేసి దుకాణానికి పోయింది. గురమ్మ అన్నం కంచం పక్కకి నెట్టేసింది.

ఆ సాయంత్రం మంచాటలో కోసి చచ్చిపోయింది. చీలిన భుజం కుళ్ళి, తన వంతు తిండి పక్కవాడికి పెట్టి, గుడారంలో మూలకి తిరిగి పడుకుని పోయింది. ఆవిడ ఎవర్నీ దోచుకోలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. గురమ్మ ఏడ్చింది. బొమ్మలమ్మా అవి, కొత్త ఆట మొదలుపెట్టుకో అని కూతురంటే, ఫోను బోర్లించి పెట్టేసింది.

రెండ్రోజులకి, పొద్దున్నే, నిజమైన కోసి గుమ్మంలో నిలబడింది. భుజాన చింతపండు మూట. గురమ్మ దెయ్యాన్ని చూసినట్టు చూసి, తర్వాత కావలించుకుంది. ఇద్దరూ తమ సంత భాషలోనే మాట్లాడుకున్నారు.

"సంతలో కుక్కలే తిరుగుతున్నాయి దీదీ. ఉప్పు లేదు, చేప లేదు. చింతపండు కొనేవాళ్ళే లేరు. దళారి ఒక్కడొచ్చి తను చెప్పిందే ధరంటున్నాడు. మా పిల్లలు ఉప్పులేని గంజి తాగుతున్నారు." కోసి గొంతు తగ్గించింది. "నీ కాలు విరగ్గొట్టినవాణ్ణి మావాళ్ళు పట్టుకున్నారు. జోగ అని, దళారి దగ్గర బండి తోలేవాడు. వాడింట్లో నీ సంచి దొరికింది. నువ్వొచ్చి వీడే అను, చాలు. తర్వాత సంగతి మావాళ్ళు చూసుకుంటారు. నువ్వు మళ్ళీ సంతకి రావాలి."

గురమ్మ ఒంట్లో నెత్తురు ఉరకలేసింది. ఇన్నాళ్ళకి దొరికాడు. పోలీసులకి చెబుదామని స్వర్ణ మొత్తుకుంటున్నా వినకుండా రత్నమాలని వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. ఊరికే పోవడం దేనికని రత్నమాల ఒక బస్తా నెత్తళ్ళు కూడా వేసింది.

సంత పాక గుంజకి వాణ్ణి కట్టేశారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెవి సగం తెగి వేలాడుతోంది. పళ్ళూడిన నోట్లో వాడి తువ్వాలే కుక్కారు, అది ఎర్రగా తడిసి ఉంది. కాలివేళ్ళ మీద ఎవరో బండరాయి వేసినట్టున్నారు, అవి వేళ్ళలా లేవు. చుట్టూ కర్రలతో జనం. ఆ రోజు దూరంగా నిలబడి చూసినవాళ్ళే చాలామంది. ఊరిపెద్ద బిజ్జా సంచి చూపించాడు. మూల మీద ఎర్రదారం కుట్టు.

"నీదేనా?"

"నాదే."

బిజ్జా ఒక ఇనప రాడ్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "వాడేనా? అయితే మొదటి దెబ్బ నీది."

రాడ్డు చల్లగా ఉంది. గురమ్మ పిడికిలి దాని చుట్టూ బిగుసుకుంది. కొట్టాలనిపించింది. ఎంతగానో అనిపించింది. రాడ్డు భుజం దాకా లేచింది కూడా. వాడు మిగిలిన ఒక్క కంటితో ఆవిడనే చూస్తున్నాడు. ఆ రోజు మొహాలకి తువ్వాళ్ళున్నాయి. పొడుగూ లావూ చూస్తే వీడిలాంటివాళ్ళు ఈ గుంపులోనే ఎందరో ఉన్నారు. వీడని ఎలా చెప్పడం? తను ఊఁ అంటే చాలు, వీళ్ళు వాణ్ణి చిదిమేస్తారు. తడికట్టె నరికిన చప్పుడు ఆవిడ చెవిలో మోగింది. రాడ్డు కిందికి దించింది.

"ఈడు కాడు" అంది. తెలుగులో అనేసి, అందరికీ అర్థమయ్యేలా మళ్ళీ చెప్పింది. "వీడు కాదు."

జనం గోలగా అరిచారు. ఇన్నాళ్ళ కష్టం వృథా అయిందని బిజ్జాకి కోపమొచ్చింది. "మరి సంచి?"

"గంప బోర్లా పడ్డాక ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారు. నా నెత్తళ్ళు ఆ రోజు మీలో ఎందరిళ్ళలో ఉడికాయో అడగనా? సంచి దొరికినవాడల్లా దొంగేనా?"

కర్రలు కిందికి దిగాయి. కసి తీరనివాడొకడు పోతూ పోతూ జోగ దవడ మీద ఒక్కటి పీకాడు. బిజ్జా విసుగ్గా కట్లు కోశాడు. వాడు బస్తాలా కింద పడ్డాడు. కోసి వాడి నోట్లో గుడ్డ లాగేసింది. వాడు నెత్తురు కక్కి, ఊపిరి పీల్చుకుని, గురమ్మకేసి తలెత్తాడు.

"బుఢియా" అన్నాడు. "పానీ."

ఆ గొంతు. అదే గొంతు. గురమ్మ మోకాలి కింద ఎముక మళ్ళీ విరిగినట్టయింది. రాడ్డు ఇంకా చేతిలోనే ఉంది. జనం ఇంకా చెదరలేదు, చేతుల్లో కర్రలున్నాయి. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. తనని గుర్తుపట్టిందని వాడికీ తెలిసిపోయింది. వాడు చేతులు ఎత్తలేదు, బతిమాలలేదు, నేల మీద అలాగే వణుకుతూ ఉండిపోయాడు. గురమ్మకి జాలి కలగలేదు. అసహ్యం వేసింది, కోపం వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా భయం వేసింది.

రాడ్డు పాక వెనక్కి విసిరేసింది. "ఎవరైనా నీళ్ళు పొయ్యండి వాడికి" అంది. కుంటుకుంటూ పోయి, ఎప్పుడూ కూర్చునే చోట కూలబడి, బస్తా మూతి విప్పమని రత్నమాలకి సైగ చేసింది. ఎండుచేపల వాసన లేవగానే ఆడవాళ్ళు చుట్టూ మూగారు. గురమ్మ తూకం రత్నమాలకే వదిలేసింది. ఎవరో ఇద్దరు జోగని మంచం మీద వేసి ఆసుపత్రికి మోసుకుపోయారు. గురమ్మ అటు తిరిగి చూడలేదు.

తిరుగుదారిలో ఆటో వాగు దాటాక రత్నమాల అడిగింది. "నిజంగా ఆడు కాదేటొదినా?"

"ఆడే."

రత్నమాల నెత్తి కొట్టుకుంది. "మరెందుకొగ్గీసినావే తల్లీ! నీ కాలిరగ్గొట్టినోడు. ఒక్క మాటంటే అక్కడే సంపీసేవోరు కదా!"

"సంపీసేవోరు. ఆ తరవాత? ఆడి నెత్తురు మీద కూకుని నెత్తళ్ళమ్మనా?"

ఎదురుగా ఒక మోటారు సైకిలు వచ్చి ఆటో పక్కనుంచి దూసుకుపోయింది. గురమ్మ ఉలిక్కిపడి రత్నమాల చెయ్యి పట్టుకుంది. మోటారు సైకిలు కనుమరుగైనా ఆ చెయ్యి వదల్లేదు.

"ఒచ్చే వారం నువ్వూ రావాలే రత్నా" అంది. "ఒక్కర్తినీ ఈ దారంట రాలేను."